మితిమీరిన ధర, గాడి తప్పిన ధర: ‘ఎగ్జార్బిటెంట్’ అనే ఆంగ్ల విశేషణానికి తెలుగు అనువాదాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ‘ఎగ్జార్బిటెంట్’ అనే ఆంగ్ల విశేషణం న్యాయశాస్త్ర పరిభాషగా మొదలై, తరువాత ధరలకు, వడ్డీలకు, రుసుములకు అన్వయమైంది. తెలుగు నిఘంటువులు, పత్రికలు దీనిని ‘అధికమైన’, ‘మితిమీరిన’ వంటి పరిమాణవాచకాలతో అనువదిస్తున్నాయి. ఈ అనువాదంలో మూలపదంలోని ఆరోపణ జారిపోతున్నదనీ, దానిని పలకగల నుడికారం తెలుగులో ఉన్నప్పటికీ అనువాదకులు దాని జోలికి పోలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ధర, ప్రియం, ధర్మవడ్డీ, గిట్టుబాటు, గాడి, అనువాదం, చట్ట పరిభాష.

ప్రవేశిక

కడప జిల్లా పెండ్లిమర్రిలోనైనా, ప్రొద్దుటూరులోనైనా రేషను బియ్యం ఇచ్చే చోటుకు తెలుగులో స్థిరపడిన పేరు ‘చౌక ధరల దుకాణం’. ఇది ‘ఫెయిర్ ప్రైస్ షాప్’ అనే ఆంగ్ల పాలనా పదానికి అనువాదం. జిల్లా నుంచి పడమరగా కర్ణాటకలోకి వెళితే అదే దుకాణం ‘న్యాయబెలె అంగడి’ అవుతుంది. దక్షిణంగా తమిళనాడులోకి వెళితే ‘నియాయ విలైక్ కడై’ అవుతుంది. బెలె, విలై, వెల మూడూ సజాతీయ ద్రావిడ పదాలు. కన్నడులు, తమిళులు ఆ మాట ముందు ‘న్యాయం’ నిలిపారు. తెలుగువారు వెలనూ వదిలి, న్యాయాన్నీ వదిలి, ‘చౌక’ను ఎంచుకున్నారు. బియ్యం కొనేవారికి చౌక అనే మాటే ఎక్కువ ఊరటనిస్తుంది కాబట్టి బోర్డు రాసినవారిని తప్పుపట్టనక్కరలేదు. అయితే ‘ఫెయిర్’ అనేది ధర యోగ్యతను గురించిన తీర్పు, ‘చౌక’ ధర పరిమాణాన్ని గురించిన సమాచారం. ఒక తీర్పు సమాచారంగా మారిపోయింది.

ఇదే మార్పు దీనికి వ్యతిరేక దిశలోని పదానికీ జరిగింది. ఆ పదం ‘ఎగ్జార్బిటెంట్’. ఆంగ్లంలో ధర గురించి, అద్దె గురించి, వడ్డీ గురించి, కళాశాల రుసుము గురించి ఫిర్యాదు చేసేవారు వాడే విశేషణం ఇది. ఆంగ్లాంధ్ర నిఘంటువులలో దీనికి సాధారణంగా కనిపించే అర్థాలు అధికమైన, మితిమీరిన, అపరిమితమైన, విపరీతమైన. పత్రికల్లో ఇది ‘ఆకాశాన్నంటిన’ అవుతుంది. ఈ అర్థాలేవీ తప్పు కావు. వాటిలో ఏమి మిగిలింది, ఏమి పోయింది అన్నదే విచారించవలసిన విషయం.

ఈ విచారణకు కడప జిల్లా తగిన నేల. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగిగా వచ్చి తెలుగు అధ్యయనం సాగించినది కడపలో. జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో రూపుదిద్దుకున్న సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అక్కడే ఉంది. ఆంగ్లం నుంచి తెలుగులోకి వచ్చే అనువాదాలను నిష్ఠురంగా పరీక్షించిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి ఈ జిల్లాలోని పైడిపాలెంలో పుట్టినవాడు. ఆయన ‘అనువాద సమస్యలు’ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అనువాద సమస్యలపై రాసిన పుస్తకం సాహిత్య విమర్శగా గుర్తింపు పొందడం తెలుగులో అరుదైన సంగతి.

చక్రపు జాడ నుంచి న్యాయస్థానానికి

లాటిన్‌లో ‘ఓర్బిస్’ అంటే వలయం. దాని నుంచి ఏర్పడిన ‘ఓర్బిత’ అంటే బండి చక్రం నేలమీద వేసే జాడ, అంటే గాడి. ‘ఎక్స్’ అనే ఉపసర్గ చేరి ‘ఎక్సార్బితారే’ అనే క్రియ లాటిన్ భాష మలిదశలో వాడుకకు వచ్చింది. గాడి నుంచి బయటికి పోవడం దాని అర్థం. దీని శత్రర్థక రూపమే ఆంగ్ల విశేషణానికి మూలం. గ్రహాల కక్ష్యను చెప్పే ‘ఆర్బిట్’ కూడా ఈ ఓర్బిత సంతానమే. బండిబాట ఆకాశానికెక్కి గ్రహమార్గమైంది. నేటి ఆంగ్ల పాఠకునికి ‘ఆర్బిట్’ వినగానే గ్రహం తోస్తుంది గానీ బండి తోచదు. ఇలాంటి మరొక జంట ఉంది. లాటిన్‌లో ‘లీర’ అంటే నాగటిచాలు మధ్య గట్టు. ఆ చాలు తప్పడమే ‘డెలీరియమ్’, అంటే సన్నిపాతపు పలవరింత. బండి గాడి తప్పితే ధర, నాగలి చాలు తప్పితే మతి.

15వ శతాబ్దిలో ఆంగ్లంలోకి వచ్చినప్పుడు ఈ విశేషణానికి డబ్బుతో సంబంధం లేదు. నియమం నుంచి తొలగిన, శాసన పరిధిలో ఇమడని అన్న అర్థంలో అది న్యాయవాదుల మాట. 17వ శతాబ్దిలో మేరమీరిన అనే సామాన్యార్థం బలపడి, ఆ శతాబ్దిలోనే ధరలకు, రుసుములకు అన్వయించడం మొదలైంది. అంటే ఈ మాట అంగడికి న్యాయస్థానం దారిన వచ్చింది. ఒక ధరను ఇలా పిలవడంలో ధరకు ఒక బాట ఉన్నదని, దానిని అందరూ ఎరుగుదురని, ఎవరో దానిని దాటించారని మూడు అంగీకారాలు ఇమిడి ఉన్నాయి.

పదమూలం పదార్థం కాదన్న ఆక్షేపణ ఇక్కడ సహజంగా వస్తుంది. నేటి ఆంగ్లభాషి మనసులో చక్రమూ లేదు, జాడా లేదు. కనుక 500 ఏళ్లనాటి అర్థాన్ని తవ్వి తెచ్చి అనువాదకుని నిలదీయడం న్యాయమా? ఈ ఆక్షేపణ బలమైనదే. దీనికి సమాధానం వ్యుత్పత్తిలో దొరకదు, ప్రయోగంలో వెదకాలి. వానలు లేక పంట పోయి ధాన్యం ధర పెరిగితే ఆంగ్లం దానిని ఎక్కువ ధర అనడంతో సరిపెట్టుకోవచ్చు. ‘ఎగ్జార్బిటెంట్’ అనే విశేషణం ఎక్కువగా అంటిపెట్టుకునేది అద్దె, రుసుము, వడ్డీ, కూలి, డిమాండు వంటి నామాలను. ఇవన్నీ ఒకరు మరొకరిని అడిగేవి. అడిగినవాడు కనబడుతూనే ఉంటాడు.

న్యాయ పరిభాషలో పాత అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అంతర్జాతీయ ప్రైవేటు న్యాయశాస్త్రంలో, వివాదంతో సరైన సంబంధం లేకపోయినా ఒక దేశపు న్యాయస్థానం తనదని చెప్పుకునే విచారణాధికారానికి ‘ఎగ్జార్బిటెంట్ జూరిస్‌డిక్షన్’ అని పేరు. ఫ్రెంచి పాలనా న్యాయంలో, సామాన్య న్యాయంలో చెల్లని ప్రత్యేక నిబంధనకు ఇదే విశేషణం వాడతారు. అక్కడ రూపాయి ప్రసక్తే లేదు. అమెరికా డాలరుకు ప్రపంచ విపణిలో ఉన్న ప్రత్యేక సౌకర్యాన్ని 1960లలో ఫ్రాన్సు ఆర్థికమంత్రి వలేరి జిస్కార్ దెస్తాఁ ఈ విశేషణంతోనే విమర్శించాడు. ఈ మూడింటినీ ‘అధికమైన’ అని అనువదిస్తే అర్థం కొద్దిగా తగ్గడం కాదు, అసలు విషయమే మారిపోతుంది. అధిక విచారణాధికారం అంటే పెద్ద కోర్టు అనుకునే ప్రమాదముంది.

తెలుగులో ధర ఎట్లా పెరుగుతుంది?

ధర పెరుగుదలను చెప్పడానికి తెలుగు నుడికారం దరిద్రమైనది కాదు. ధరలు మండిపోతాయి, భగ్గుమంటాయి, కొండెక్కుతాయి, చుక్కలను తాకుతాయి, వాటికి రెక్కలొస్తాయి. ఆంగ్లంలోని ‘స్టీప్’ అనే మాటకు కొండెక్కడం దగ్గరగా ఉంటుంది. ఈ క్రియలన్నిటికీ కర్త ధరే. నిప్పు తనంతట తాను అంటుకుంటుంది, రెక్కలు వాటంతట అవే మొలుస్తాయి. బంగారు వ్యాపారానికి పేరుపొందిన ప్రొద్దుటూరులో బంగారం ఇంత ‘పలుకుతోంది’ అంటారు. వేలంపాటలో ధరను నోటితో పలకడం నుంచి ఈ వాడుక ఏర్పడి ఉండవచ్చు. ఏమైనా నేడు పలికేది ధర, వింటున్నది కొనుగోలుదారు. అమ్మేవాడు ఆ వాక్యంలో లేడు.

వీటికన్నా పాతది ‘ప్రియం’. ఇష్టమైనది అనే అర్థంతో పాటు హెచ్చు వెల గలది అనే అర్థం తెలుగులో దీనికి స్థిరపడింది. బ్రౌన్ నిఘంటువు రెండింటినీ నమోదు చేసింది. వాడుకలో ఇది పిరెం, పిరం అయింది. తెలంగాణలో పిరం, అగ్గువ జంటగా వినిపిస్తే, రాయలసీమలో పిరేనికి ఎదురుగా ‘నయం’ వినిపిస్తుంది. ఆంగ్లంలోని ‘డియర్’, లాటిన్‌లోని ‘కారుస్’ కూడా ప్రేమను, ధరను ఒకే మాటలో చెబుతాయి. కోరుకునేవారు ఎక్కువైతే వస్తువు ప్రియమవుతుందన్నది ఈ మాట వెనుక ఉన్న ఆర్థికశాస్త్రం. అందులో నేరమూ లేదు, నేరస్థుడూ లేడు. ఉర్దూలో ధర ఎక్కువని చెప్పే ‘గరాన్’ అనే పారశీక పదానికి మూలార్థం బరువైనదని. బరువు మోసేవానికి తెలుస్తుంది గానీ ఎత్తినవాడెవరో మాట చెప్పదు.

ఇంతవరకు చూస్తే తెలుగు ధరను ప్రకృతి ఘటనగా చూసే భాష అనిపిస్తుంది. కానీ ఈ సాక్ష్యం పత్రికలదీ నిఘంటువులదీ. అంగడిలో మాట వేరు. పెండ్లిమర్రి మండలంలోని పొలతలలో శివరాత్రి తిరునాళ్లు జరుగుతాయి. ఏ తిరునాళ్లలోనైనా టెంకాయ మామూలు రోజు ధరకు దొరకదన్నది అందరికీ తెలిసిన విషయం. అటువంటి చోట కడప మాండలికంలో బేరం ఈ విధంగా సాగుతుంది: “ఏందన్నా, మరీ ఇంత అన్యాయంగా చెప్తాండావు?” “లేదక్కా, నాకే గిట్టుబాటు గాదు.” కొనే మనిషి ‘మితిమీరి చెప్తాండావు’ అనదు, ‘అధికంగా చెప్తాండావు’ అనదు. అన్యాయం అంటుంది. అమ్మేవాడు గిట్టుబాటును అడ్డం పెట్టుకొని తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోజూస్తాడు. ఈ రెండు వాక్యాలలో అభియోగమూ, ప్రతివాదమూ ఉన్నాయి. కర్త కూడా మారాడు. ‘చెప్తాండావు’ అన్న క్రియకు ధర కర్త కాదు, ఎదుటి మనిషి కర్త.

‘ఎక్స్‌టార్షనేట్’ అనే మరొక విశేషణం విషయంలో తెలుగు ఇబ్బంది పడలేదు. మెలిపెట్టి లాగడం దాని లాటిన్ మూలార్థం. ‘ముక్కు పిండి వసూలు చేయడం’ అనే జాతీయం ఆ పనికి అచ్చంగా సరిపోతుంది. అందువల్ల తెలుగులో లోపించినది ఆరోపణాశక్తి కాదు. రాతభాషలో, ముఖ్యంగా అనువాద భాషలో, ఆ శక్తిని వాడుకోకపోవడమే ఇక్కడి సమస్య.

వడ్డీ చట్టాలలో మితి, న్యాయం

ధర విషయంలో ఇది రుచిభేదంగా కనిపించవచ్చు. వడ్డీ విషయంలో కాదు. భారత ఒప్పందాల చట్టం 1872లో వచ్చింది. అనుచిత ప్రభావాన్ని నిర్వచించే 16వ సెక్షనుకు 1899 సవరణతో చేరిన ఉదాహరణలలో రెండు వరుసగా ఉన్నాయి. ఒకదానిలో, అప్పటికే బాకీపడిన వ్యక్తి తన ఊరి వడ్డీవ్యాపారి దగ్గర అంతఃకరణకు ఒప్పని షరతులతో మళ్లీ అప్పు చేస్తాడు. తాను ఒత్తిడి చేయలేదని నిరూపించుకోవలసిన భారం వ్యాపారిదే. రెండవదానిలో, డబ్బుకు కటకటగా ఉన్న కాలంలో బ్యాంకరు మామూలు కన్నా బాగా ఎక్కువ వడ్డీ అడుగుతాడు, అడిగినవాడు ఒప్పుకుంటాడు. అది వ్యాపారరీత్యా జరిగిన మామూలు వ్యవహారమే, అనుచిత ప్రభావం కాదు. రెండింటిలోనూ వడ్డీ ఎక్కువే అయి ఉండవచ్చు. చట్టం మొదటిదానికి న్యాయవాచకం వాడింది, రెండవదానికి పరిమాణవాచకం వాడింది. తెలుగులో రెండింటినీ ‘అధిక వడ్డీ’ అని రాస్తే ఈ రెండు ఉదాహరణలు ఎందుకు వేరువేరుగా ఉన్నాయో విద్యార్థికి బోధపడదు. బ్యాంకరుకు ఒక న్యాయం, ఊరి షావుకారుకు మరొక న్యాయమా అన్న ప్రశ్న రాజకీయంగా ముఖ్యమైనది. మూలంలోని భేదం అనువాదంలో నిలిస్తేనే ఆ ప్రశ్న అడగడం వీలవుతుంది.

1918 నాటి యూజూరియస్ లోన్స్ చట్టం మరింత స్పష్టమైన ఉదాహరణ. కోర్టు పాత లావాదేవీని తిరగదోడాలంటే వడ్డీ అధికంగా ఉండాలి, లావాదేవీ సారాంశంలో అన్యాయంగానూ ఉండాలి. మితి, న్యాయం అనే రెండు కొలతలను చట్టం విడివిడిగా పేర్కొన్నది. కడప అప్పుడు మద్రాసు రాజధానిలో ఉంది. 1937లో అమలులోకి వచ్చిన మద్రాసు సవరణ ఈ రెంటి సంబంధాన్ని మార్చింది. వడ్డీ అధికమైతే లావాదేవీ అన్యాయమైనదని కోర్టు భావించాలన్నది, వ్యవసాయదారుల అప్పుపై చక్రవడ్డీ వేస్తే ఆ వడ్డీ అధికమని భావించాలన్నది ఆ సవరణ సారాంశం. మితి నుంచి న్యాయానికి వేసిన వంతెన అది.

పొరుగు రాష్ట్రాలలో ‘ఎగ్జార్బిటెంట్’ అనే విశేషణమే చట్టం పేరులోకి ఎక్కింది. తమిళనాడు 2003లో, కర్ణాటక 2004లో ఈ మాటతో వడ్డీ నిషేధ చట్టాలు చేశాయి. తమిళనాడు చట్టం కందువట్టి, మీటరు వట్టి, తండల్ వంటి వాడుక పేర్లను ఆంగ్ల పాఠంలోనే నిర్వచించింది. దేశీయ నామాలు లేకుండా ఆ అన్యాయ రూపాలను పట్టుకోవడం శాసనకర్తలకు సాధ్యం కాలేదన్నమాట. ప్రభుత్వం నిర్ణయించిన రేటును దాటిన వడ్డీయే నిషిద్ధం. ముందుగా బాట వేసి, తరువాత బాట తప్పినవారిని శిక్షించే పద్ధతి ఇది. ఆంధ్రప్రదేశ్‌లో 2010 అక్టోబరు ఆర్డినెన్సు ద్వారా వచ్చి 2011లో చట్టమైన సూక్ష్మరుణ సంస్థల నియంత్రణ శాసనం అసలును మించిన వడ్డీ వసూలు చేయరాదన్నది. వడ్డీ అసలును మించకూడదన్న నియమం మనుస్మృతి నాటిది.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలోనే ‘చక్రవృద్ధి’ అనే మాట కనిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ అన్న ప్రసిద్ధార్థంతో పాటు, అదే అధ్యాయంలో మరికొంత ముందుకు వెళితే చక్రాల బండిపై సరుకు చేరవేసే ఒప్పందంగా దీనిని అన్వయించే సందర్భం ఉంది. చెప్పిన చోటుకు చెప్పిన కాలానికి బండి చేరకపోతే ప్రతిఫలం లేదన్నది అక్కడి విధి. లాటిన్ ఓర్బితకు, సంస్కృత చక్రవృద్ధికి చారిత్రక సంబంధమేమీ లేదు. బండి నడిచిన సమాజాలన్నిటిలో డబ్బు గురించిన ఆలోచనకు చక్రం ఆసరాగా నిలిచిందనడానికి మాత్రం ఇది చాలు.

కౌటిల్యుని అర్థశాస్త్రం నెలకు నూటికి 1.25 పణాల వడ్డీని ధర్మ్యమన్నది. అంటే ఏడాదికి 15 శాతం. వ్యాపారానికి 5, అడవి దారుల్లో పోయేవారికి 10, సముద్ర వ్యాపారికి 20 పణాలు. వాటిని మించితే దండన. దారి ప్రమాదాన్ని బట్టి రేటు పెరిగినా ప్రతి దారికీ ఒక హద్దు ఉంది. తెలుగు పల్లెల్లో నేటికీ వినిపించే ‘ధర్మవడ్డీ’ ఈ భావానికి వారసురాలు. ధర్మవడ్డీ ఇంతేనని శాసనమేదీ లేకున్నా, రూపాయి వడ్డీకీ పది రూపాయల వడ్డీకీ మధ్య ఎక్కడ ధర్మం ముగుస్తుందో ఊరికి తెలుసు. ‘ఎగ్జార్బిటెంట్ ఇంటరెస్ట్’ను ‘అధిక వడ్డీ’ అనే అనువాదకుని చేతికి అందుబాటులోనే ‘ధర్మం తప్పిన వడ్డీ’ ఉంది.

బాట లేదన్న వాదం

ధరకు బాట ఉన్నదన్న భావన వివాదరహితం కాదు. 1776లో ఆడమ్ స్మిత్ ధాన్యపు వ్యాపారాన్ని గురించి రాస్తూ, వర్తకులు సరుకు దాచి ధర పెంచుతారన్న జనభయాన్ని మంత్రగత్తెల భయంతో పోల్చాడు. ఈ సిద్ధాంతానికి రాయలసీమ చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా సాగిన మహా క్షామం బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను తీవ్రంగా పీడించింది. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభుత్వం తరఫున ధాన్యం కొనిపించగా, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ఆక్షేపించింది. వర్తకంలో జోక్యం కూడదన్నది కలకత్తా విధానం. దానిని అమలుపరచడానికి 1877 జనవరిలో వచ్చిన రిచర్డ్ టెంపుల్ సహాయపు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం స్థాయికి దించాడు. ఇక్కడ గమనించవలసిన భాషావిశేషం ఒకటుంది. విపణికి తనదే దారి అనుకున్నప్పుడు ఏ ధరా దారి తప్పదు. ‘ఎగ్జార్బిటెంట్’ అన్న మాటకు అప్పుడు చోటే లేదు. ఆ ధర కేవలం ఎక్కువ ధర.

జనం ఇందుకు అంగీకరించలేదు. ఆంగ్లదేశపు ధాన్యపు అల్లర్లను ‘నైతిక ఆర్థికత’ అనే భావనతో ఇ.పి. థామ్సన్ 1971లో వివరించాడు. 1876–78 క్షామంలో మద్రాసు రైతాంగపు చైతన్యాన్నీ, 1918లో మద్రాసు రాజధానిలో జరిగిన ధాన్యపు లూటీలనూ డేవిడ్ ఆర్నాల్డ్ అధ్యయనం చేశాడు. ధరకు న్యాయమైన మేర ఒకటున్నదని నమ్మినవారు ఆ మేర దాటినప్పుడు అంగడి మీదికి పోయారు. వారి ఆలోచనలో ధర ఆకాశాన్ని అంటలేదు. ఒక షావుకారు దానిని పెంచాడు.

ఈ చరిత్ర దృష్ట్యా ‘ఆకాశాన్నంటిన ధరలు’ అన్న పత్రికా నుడికారం అంత అమాయకమైనది కాదు. దానికి ఎవరి కుట్రా కారణమనలేం. తొందరలో రాసే వార్తకు అది అందివచ్చిన మాట. అయినా కరువు ధరనూ, కల్పించిన కొరత ధరనూ ఒకే ఆకాశానికి ఎక్కించడం లిట్టన్ విధానానికి తెలియకుండానే భాషలో చోటివ్వడమే. ప్రైవేటు కళాశాల రుసుము ఆకాశాన్నంటదు. యాజమాన్యం దానిని నిర్ణయిస్తుంది.

గాడి

చక్రపు జాడ అనే ఉపమానం తెలుగు పాఠకునికి పరాయిది కాదు. కాళిదాసు రఘువంశం ప్రథమ సర్గలో దిలీపుని పాలనను వర్ణిస్తూ, మనువు కాలం నుంచి నలిగిన బాటను ఆ రాజు ప్రజలు గీతంతైనా దాటలేదని, బండి చక్రపు పట్టాలవలె ఆ జాడలోనే నడిచారని చెప్పాడు. ‘ఎగ్జార్బిటెంట్’కు ఇంతకన్నా కచ్చితమైన వ్యతిరేకార్థం ఏ సాహిత్యంలోనూ తేలికగా దొరకదు. మరింత ఆసక్తికరమైన సంగతి తరువాతి శ్లోకం. అది పన్నులను గురించినది. రాజు ప్రజల మేలుకోసమే పన్ను తీసుకున్నాడన్న మాట చక్రపు జాడను వెంటనే అనుసరించింది. బాటలో నడవడానికీ, తగిన మేరకు వసూలు చేయడానికీ మధ్య కవి ఊహలో దూరం లేదు. సంజీవనీ వ్యాఖ్యతో రఘువంశాన్ని పాఠకులకు అందించిన మల్లినాథసూరి తెలుగువాడు. సంస్కృతంలోని ‘ఉత్పథం’, ‘ఉన్మార్గం’ అనే మాటలు నిర్మాణంలో లాటిన్ పదానికి జంటలే. ఒకదానిలో ‘ఎక్స్’, మరొకదానిలో ‘ఉత్’. కానీ ఉన్మార్గం తెలుగులో మనిషి నడవడికకే పరిమితమైంది. ఉన్మార్గపు ధర అంటే నవ్వుతారు.

నవ్వు రాని మాట ‘గాడి’. పాలన గాడి తప్పిందని, చదువులు గాడిన పడ్డాయని తెలుగు నిత్యం అంటుంది. బండ్లు తక్కువైనా గాడి నిలిచింది. ఆంగ్లంలో చక్రపు జాడ మరుగున పడగా, తెలుగులో అది ఇంకా మాటమీదనే కనిపిస్తుంది. అయినా ధరకు ఈ నుడికారాన్ని వర్తింపజేయడం అరుదు. ఆంగ్ల విశేషణానికి ప్రతిచోటా ‘గాడి తప్పిన’ అని పెట్టమనడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. తిరునాళ్ల టెంకాయకు ‘అన్యాయపు ధర’ సరిపోతుంది, అప్పుకు ‘ధర్మం తప్పిన వడ్డీ’ సరిపోతుంది, విచారణాధికారానికి ‘పరిధి తప్పిన’ అనవలసి ఉంటుంది. వీటన్నిటిలో ‘తప్పిన’ అన్న క్రియాజన్య విశేషణమే పని చేస్తున్నది. ‘మీరిన’ అన్నప్పుడు కొలత పైకి పొంగుతుంది. ‘తప్పిన’ అన్నప్పుడు నియమం ఒకటి వెనుక నిలబడి ఉంటుంది.

ఈ భేదానికి రైతు దృష్టిలో మరొక ప్రయోజనం ఉంది. బండి గాడికి రెండు పక్కలున్నాయి. కానీ ఆంగ్లంలో ‘ఎగ్జార్బిటెంట్’ ధర ఎప్పుడూ పైవైపే తప్పుతుంది. పంట అమ్మే సమయంలో కిందికి పడిన ధరను ఆ విశేషణంతో చెప్పరు. పట్టణ వినియోగదారుని ఫిర్యాదు ఆ పదం అర్థాన్ని ఒకవైపుకు లాగివేసింది. 2019 చివర ఉల్లి ధర పెరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 25 రూపాయలకు అమ్మించింది. 2025లో ధర పడిపోయినప్పుడు కర్నూలు రైతుల వద్ద క్వింటాలు 1,200 రూపాయలకు కొనుగోలు చేయించింది. రెండుసార్లూ ధర గాడిలో లేదు. మొదటిదానికి ఆంగ్లంలో సిద్ధంగా విశేషణముంది, రెండవదానికి అంత సూటి మాట లేదు. కృష్ణాపురం ఉల్లి పండించే కడప జిల్లా రైతు మాత్రం రెండవదానిని ఒక్క మాటలో చెప్పగలడు: గిట్టుబాటు కాని ధర. తిరునాళ్లలో టెంకాయలమ్మేవాడు తన రక్షణకు వాడిన మాటే ఇది. మితిమీరిన ధర అనే అనువాదం ఈ రైతును గుర్తించలేదు, ఎందుకంటే అతని ధర ఏ మితినీ మీరలేదు. గాడి తప్పిన ధర అన్న మాటలో మాత్రం అతనికీ, ప్రొద్దుటూరు అంగట్లో ఉల్లి కొనే గృహిణికీ చోటుంది.